తునికాకు దారిలో ఒక వేసవి యాత్ర

డిగ్రీ రెండవ సంవత్సరం పరీక్షలు ముగించుకుని మే నెల మొదట్లో మా అమ్మాయి హైదరాబాదు నుండి ఖమ్మం వచ్చినది. వచ్చిన మూడవ రోజునే "ఎక్కడికైనా వెళ్దాం అమ్మీ" అన్నది. స్నేహితురాళ్ళలో ఒకరు ఊటీ వెళ్తున్నారట, మరొకరు కశ్మీరు వెళ్తున్నారట. అవి మా ఆదాయానికి అందేవి కావు. పైగా ఆ వేసవిలో కామారెడ్డి నుండి మా అమ్మగారు వచ్చి మా ఇంట ఉన్నారు. డెబ్బయ్యేళ్ళు దాటిన ఆమెను ఒంటరిగా విడిచి వెళ్ళలేము. అందుచేత నలుగురమూ కలిసి భద్రాచలం అడవి అంచున రెండు రోజులు తిరిగి వద్దామని నిశ్చయించుకున్నాము. ఎండ 44 డిగ్రీలు దాటుతున్న రోజులవి. ఇరుగు పొరుగు వారు నవ్వారు; వారి నవ్వులో తప్పేమీ లేదు.

ఫజ్ర్ నమాజ్ ముగించి చల్లపొద్దుననే బయలుదేరాము. వైరా, తల్లాడ, జూలూరుపాడు దాటి కొత్తగూడెం చేరేసరికి ఎండ ఎక్కినది. అక్కడి బొగ్గు గనులకు పేరిచ్చిన సింగరేణి ఇల్లెందు దగ్గరి ఒక పల్లె అని మా వారు చెప్పారు. పాల్వంచ వద్ద పక్కకు తిరిగి కిన్నెరసాని జలాశయం చూశాము. జింకలు చెట్ల నీడ వదలలేదు, మొసళ్ళు నీరు వదలలేదు. మేము కూడా ఎక్కువసేపు నిలువలేదు.

సారపాక దాటి గోదావరి వంతెన మీదికి రాగానే మా అమ్మగారు వాహనం ఆపమన్నారు. మే నెల గోదావరి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలి ఉన్నది. ఇదే నది 1986 ఆగస్టులో ఇక్కడ 75.6 అడుగుల ఎత్తున ప్రవహించినదని చెబితే ఆమె నమ్మలేదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఇక్కడి చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు కంఠస్థం. 2022 జూలైలో నీరు మళ్ళీ 71 అడుగులు దాటినది.

మా అమ్మాయి చరిత్ర విద్యార్థిని. వంతెన మీదనే పాఠం మొదలుపెట్టినది. 1860లో నిజాం ప్రభువు అవతలి ఒడ్డును బ్రిటిషువారికి అప్పగించాడు. అప్పటి నుండి ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు బ్రిటిషు రాజ్యం. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుండి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో ఈ వంతెన వచ్చినది. 2014లో పోలవరం ముంపు పేరిట చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళగా భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలినది. "ఇక్కడి మనుషులు కదలలేదు నానీ, సరిహద్దులే కదిలాయి" అన్నది. మా అమ్మగారు తల ఊపారు గాని ఆమె చూపు ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళ మీదనే ఉన్నది.

భద్రాచలంలో కొండ మీది ఆలయాన్ని వీధి నుండే చూశాము. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండిన కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ, తానీషా ఆయనను విడిచిపెట్టిన కథ తెలుగువారందరికీ తెలిసినవే. ఆ కుతుబ్‌షాహీ సుల్తాను నాడు మొదలైనదని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఏటా శ్రీరామనవమికి నేటికీ ప్రభుత్వం పాటిస్తున్నది. అయితే ఆ తానీషా కూడా 1687లో గోల్కొండ పతనమయ్యాక ఔరంగజేబుకు బందీయై దౌలతాబాదు కోటలోనే కన్నుమూశాడన్న సంగతి మన పిల్లలకు అంతగా తెలియదు. చెరలో పెట్టినవాడు చెరలోనే పోయాడు. మా వారు ఈ మాట చెప్పగా మా అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉన్నది.

రెండవ రోజు ఉదయం దుమ్ముగూడెం వైపు వెళ్ళాము. పట్టణం దాటీ దాటగానే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. కొంత దూరం పోయాక మళ్ళీ తెలంగాణ. ఒకే రోడ్డు, రెండు రాష్ట్రాలు. పర్ణశాల దాటిన తరువాత ఒక కోయగూడెం పక్కన, రోడ్డుకు ఆనుకుని ఉన్న చదును నేల మీద వరుసలు వరుసలుగా ఆకు కట్టలు ఎండుతూ కనిపించాయి. "ఆపండి!" అన్నారు మా అమ్మగారు. వంతెన మీద అన్నప్పటి గొంతు కాదది.

ఇక్కడ పాఠకులకు ఒక విషయం చెప్పాలి. మా అమ్మగారు 35 ఏళ్ళు బీడీలు చుట్టారు. కామారెడ్డి, నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో మన ఇళ్ళలోనూ, ఇతరుల ఇళ్ళలోనూ లెక్కలేనంత మంది స్త్రీలు చేసే పనే అది. టేకేదారు ఇచ్చిన ఆకును రాత్రి నానబెట్టి, తెల్లవారి కత్తెరతో కొలతకు కత్తిరించి, ఒడిలో చాట పెట్టుకుని, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. ఆ చాట పక్కనే మేము ఓనమాలు దిద్దుకున్నాము. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం పుణ్యమా అని వచ్చిన స్కాలర్‌షిప్‌తో మా చదువు సాగినది. కాని మా అమ్మాయి మాత్రం హాస్టల్లో ఎవరైనా అడిగితే "మా నానీ ఇంట్లోనే ఉంటారు" అని మాత్రమే చెప్పేదట. ఈ సంగతి మాకు ఆ యాత్రలోనే తెలిసినది. తప్పు ఆమెది కాదు. మేము కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

కల్లంలో ఒక నడివయసు కోయ స్త్రీ కట్టలను తిరగవేస్తున్నది. మా అమ్మగారు నెమ్మదిగా దిగి వెళ్ళి, ఒక కట్ట అందుకుని, వేలితో ఆకు అంచు రాసి చూశారు.

"మంచి ఆకు. దీని చెట్టు ఎట్లుంటది చెల్లె?"

ఆమె విస్తుపోయి, నవ్వి, రోడ్డు అవతల నడుము ఎత్తు పొదను చూపినది. ఎర్రని లేత చిగుళ్ళ కింద ముదురు ఆకులు. మా అమ్మగారు ఆ పొద దగ్గర వంగి నిలబడిపోయారు. ముప్పై అయిదేళ్ళు ఆ ఆకును కత్తిరించిన మనిషి, కొమ్మకు ఉన్న ఆకును చూడడం అదే మొదటిసారి.

ఆ పని తీరును ఆ స్త్రీ వివరంగా చెప్పినది. ఎండలు ముదరక ముందే పొదలను నరికితేనే లేత ఆకు చిగురిస్తుంది. కోత కాలంలో చీకటితో లేచి అడవికి పోవాలి. తునికి పండ్ల కోసం, ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు కూడా అదే వేళకు వస్తాయి గనుక గుంపుగానే పోవాలి. ఎండ ముదిరేలోగా మూటతో ఇల్లు చేరి, పిల్లలు పెద్దలు నీడన కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట కట్టాలి. కల్లేదారు లెక్క రాసుకున్నాక కట్టలు రోజుల తరబడి ఎండాలి. మధ్యలో వాన కురిస్తే ఆకు పాడైనట్లే. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ప్రభుత్వ కాగితాలలో దీని పేరు అబ్నూస్ ఆకు. అబ్నూస్ అనే ఫారసీ మాటకు నల్లని గట్టి కలప అని అర్థం. తునికి ఆ జాతి చెట్టే. 1971 నాటి చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చినది. ఏడాదిలో కొద్ది వారాలే సాగే ఈ పని మీద వచ్చిన డబ్బే వానాకాలం విత్తనాలకు, బడి ఫీజులకు ఆధారమని ఆమె చెప్పినది.

"మరి ఈ ఆకును ఏం చేస్తరో చూసినవా?" అని అడిగారు మా అమ్మగారు. బీడీ చేస్తారని తెలుసునట గాని చుట్టగా ఎన్నడూ చూడలేదట. అప్పుడు మా అమ్మగారు కల్లం అంచున చింత నీడలో చతికిలబడి, ఒక మెత్తని ఆకు అడిగి తీసుకుని, మా సంచిలోని చిన్న కత్తెరతో కత్తిరించి, తంబాకు లేకుండానే ఉత్త బీడీ చుట్టి చూపారు. వణికే వేళ్ళు ఆ కాసేపు వణకలేదు. గూడెం పిల్లలు చుట్టూ మూగారు. ఆ కోయ స్త్రీ ఆ ఉత్త బీడీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదానికా!" అన్నది. తరువాత ఒక ఆకు దొప్పలో తునికి పండ్లు తెచ్చి మా అమ్మాయికి ఇచ్చి, "తిను బిడ్డా, పలుకులు ఉమ్మెయ్" అన్నది. జుహ్ర్, అస్ర్ నమాజులు మేము ఆ చింత నీడలోనే చేసుకున్నాము. వుజూకు నీళ్ళు ఆమె ఇంటి కుండలోవే.

ఆ రాత్రి భద్రాచలం లాడ్జీలో మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగినది: "నానీ, వాటిని తాగినవాళ్ళకు జబ్బులు వస్తాయి కదా?"

ధూమపానం హానికరమని ఇదే పత్రికలో చదివే వాళ్ళమే మేము. ఆ పొగ అమ్మిన డబ్బుతో పెరిగిన వాళ్ళమూ మేమే. ఈ ప్రశ్నను ఇన్నేళ్ళూ మా అమ్మగారి ముందు పెట్టే ధైర్యం మాకు లేకపోయినది.

"తెల్సు బేటీ" అన్నారామె. "మీ నానా గూడ గవే తాగి దగ్గుకుంట పోయిండు. నా చాటల నుంచే తీసుకునేటోడు. నేను వద్దంటి. కాని చుట్టుడు ఆపితే పిల్లలకు అన్నం యాడికెల్లి వస్తది?"

ఎవరమూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించినది. కొంతసేపటికి మా అమ్మాయి ఫోనులో లెక్క కట్టినది. రోజుకు 800, ఏడాదికి 300 రోజులు, 35 ఏళ్ళు. "84 లక్షల బీడీలు నానీ!" అన్నది, ఆ గొంతులో భయమో గర్వమో మాకు అర్థం కాలేదు.

మా అమ్మగారు అప్పటికే పక్క మీద ఒరిగి దుప్పటి సర్దుకుంటున్నారు. "టేకేదారు బాగలేవని తీసి పారేసినయి కలిపినవా?" అని అడిగారు. "గవి గూడ చుట్టినయే గద."