ఆడుమళయాళము: ఒక దుర్లోకకల్పన

పరదేశమునుగాని భావికాలమునుగాని దుస్సహముగాఁ జిత్రించి వర్తమానసంఘమును విమర్శించు కథలను దుర్లోకకథ లనవచ్చును. పురాణములలోని కలియుగవర్ణనములు వీనికిఁ బూర్వరూపములు. వానియం దాచారము తప్పుటయే కీడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘సత్యరాజాపూర్వదేశయాత్రలు’ ఈ తర్కమును దలక్రిందు చేసినవి. 1726లో వెలువడిన స్విఫ్టుకృతి ‘గలివరు యాత్రల’ ననుసరించి పుట్టిన యీ వచనకథయం దాడుమళయాళదేశమునఁ బెత్తనము స్త్రీలది. పురుషు లింటఁ గట్టుపడి పత్నీవ్రత్యము నడపుదురు. మన యింటి నియమములే యచ్చట భుజము మార్చుకొన్నవి. స్త్రీకి ధర్మమని తోఁచినది పురుషునికి దౌర్జన్యమని తోఁచినచో దోషము మన చూపునఁ గలదు. కావున నిచ్చటి కీడు ఆచారభంగము గాదు, ఆచారపాలనమే. 1881లో రాజమహేంద్రవరమున స్త్రీపునర్వివాహము జరిపించిన గ్రంథకర్త కీ హాస్యము సంస్కారసాధనము. 1905లో చెన్నపురి ‘ఇండియన్ లేడీస్ మేగజీను’నఁ బ్రకటితమైన రుకియా బేగముగారి ‘సుల్తానా స్వప్నము’ ఇట్టి విపర్యయమునే సుఖలోకముగాఁ జూపినది. ఈ గ్రంథమును బోధించు పండితులు విద్యార్థుల నవ్వునొద్ద నాఁగక, ఆ నియమమే తమ యింట నున్నపుడు వారికి నవ్వేల రాలేదో విచారింపఁజేయవలెను.