కాటా ఎక్కేది పెట్టె.. మనిషి కాదు!

లావుగా ఉన్నామని అమెరికా ప్రయాణం మానుకుంటున్న అమ్మానాన్నలు

దుగ్గిరాల (మా గ్రామీణ విలేఖరి): "యార్డులో పసుపు బస్తాను కాటా ఎక్కించినట్టు విమానాశ్రయంలో నన్నూ ఎక్కిస్తారేమోనని ఒకటే గుబులు అబ్బాయ్. తీరా చూస్తే కాటా ఎక్కినవి నా పెట్టెలే. నువ్వెంత బరువున్నావని నన్ను ఒక్కళ్లు కూడా అడగలేదు" అంటూ ఆ ఇల్లాలు పెద్దగా నవ్వేశారు. అమెరికాలోని డల్లాస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి ఆమె ఈమధ్యే ఊరు చేరారు. వయసు 58 ఏళ్లు. బరువు 112 కిలోలు. పేరు మాత్రం పత్రికలో వేయవద్దని, మిగతాదంతా ఉన్నదున్నట్టు రాసుకోమని చెప్పారు.

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతాల్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు చాలానే కనిపిస్తాయి. కూతురి పురుటికో, కొడుకు గృహప్రవేశానికో అమ్మానాన్నలు విమానం ఎక్కడం ఇప్పుడు వింతేమీ కాదు. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు సంగతులు చెప్పేవారు వీధికొకరున్నారు. అయితే లావుగా ఉన్నవారికి సీటు చాలుతుందా, బెల్టు చాలుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. అడగడానికి సిగ్గు. ఆ సిగ్గుతోనే ప్రయాణం మానుకున్నవారు ఈ చుట్టుపక్కల లేకపోలేదు.

గేదెల మీద నెపం

ఆ ఇల్లాలి కూతురికి మొదటి కాన్పు నాలుగేళ్ల కిందట అయింది. వీసా కూడా వచ్చింది. తీరా టికెట్టు తీసే సమయానికి ఆమె రానన్నారు. గేదెలు ఈనే రోజులని, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేదని కూతురికి చెప్పారు. చివరకు వియ్యపురాలు వెళ్లి పురుటి పనులన్నీ చూసుకున్నారు.

"ఆ ఏడాది అసలు మా ఇంట్లో ఈనే గేదే లేదు" అని భర్త పక్కనుంచి అందుకున్నారు.

అసలు కారణం వేరే ఉంది. "తెనాలి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో ముగ్గురి సీట్లో నేను కూర్చుంటే మిగతా ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. గంట ప్రయాణానికే ఇట్టా ఉంటే ఇరవై గంటలు ఎవరి పక్కన కూర్చునేది? అదీగాక మా వాళ్ల పెళ్లిలో ఒకాయన, నువ్వెక్కితే విమానం లేస్తుందా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రే పోకూడదనుకున్నా" అని ఆమె చెప్పారు.

ఈ సంగతి కూతురికి తెలియదు. అమ్మకు తనకంటే గేదెలే ఎక్కువని ఆ పిల్ల మనసులో పెట్టుకుంది. రెండేళ్లపాటు ఫోనులో తిన్నావా, పడుకున్నావా తప్ప వేరే మాట లేదు. రెండో కాన్పు దగ్గర పడినప్పుడు ఆ తల్లి ఉండబట్టలేక, ఎవరికీ ఏమీ చెప్పకుండా, గుండె రాయి చేసుకుని ఒంటరిగా బయలుదేరారు.

కొంగు చాటున బెల్టు

శంషాబాద్ నుంచి దుబాయికి సుమారు నాలుగు గంటలు. ఆమెకు నడిమి సీటు వచ్చింది. అటూ ఇటూ కుర్రాళ్లు. బెల్టు జానెడు తక్కువైంది. విమానంలో పనిచేసే అమ్మాయిని అడుగుదామంటే నోరు పెగల్లేదు. బెల్టు కొసలు రెండూ ఒళ్లో పెట్టుకుని పైన కొంగు కప్పేశారు. దారిలో విమానం కుదుపులకు లోనైంది. "ముందు సీటు గట్టిగా పట్టుకుని ఆంజనేయ దండకం చదువుకున్నా" అని ఆమె చెప్పారు.

ఇది చాలా ప్రమాదకరమైన పని అని పాఠకులు గమనించాలి. కుదుపులప్పుడు బెల్టు లేనివారు సీట్లోంచి ఎగిరి పైకప్పుకు తగిలి గాయపడిన సంఘటనలున్నాయి.

దిగే ముందు బెల్టులు చూస్తూ వచ్చిన అమ్మాయి సంగతి గ్రహించింది. ఒక్క మాట కూడా అనలేదు. వెనక్కి వెళ్లి చుట్టచుట్టిన చిన్న బెల్టు ముక్క తెచ్చి, తాంబూలం ఇచ్చినట్టు చేతిలో పెట్టింది. ఒక కొస ఇటు, ఒక కొస అటు తగిలిస్తే టక్కుమని పడింది. "ఓస్, ఇంతేనా అనిపించింది. దీనికోసమా నాలుగేళ్లు మనవడి మొహం చూడకుండా ఉన్నానని ఏడుపొచ్చింది" అని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకున్నారు.

బెల్టు ముక్క ఉచితం

ఈ అదనపు ముక్కను ఎక్స్‌టెన్షన్ బెల్టు అంటారు. సుమారు రెండడుగుల పొడవుంటుంది. పెద్ద విమానాల్లో ఇవి సిద్ధంగా ఉంటాయి. డబ్బు తీసుకోరు. బజారులో కొని వెంట తీసుకెళ్లడం పనికిరాదు, ఆ విమానానికి సరిపడేది వారే ఇవ్వాలి. గుమ్మం దగ్గర నమస్కారం పెట్టే అమ్మాయికి "సీట్ బెల్ట్ ఎక్స్‌టెన్షన్ ప్లీజ్" అని నాలుగు మాటలు చెబితే చాలు. ఇంగ్లీషు రానివారు కాగితం మీద రాయించుకుని చూపినా సరిపోతుంది. దుబాయిలో రెండో విమానం ఎక్కేటప్పుడు ఆ ఇల్లాలు ఇదే పని చేశారు. ఈ ముక్క వాడేవారిని అత్యవసర ద్వారం పక్క వరుసలో కూర్చోనివ్వరు కాబట్టి ఆ సీటు తీసుకోకూడదు.

మూరెడు సీటు

సాధారణ తరగతి సీటు వెడల్పు విమానాన్ని బట్టి 17 నుంచి 18 అంగుళాలు, అంటే ఇంచుమించు మూరెడు. ఇంట్లో అరుగు మీద సుద్దముక్కతో 17 అంగుళాల దూరంలో రెండు గీతలు గీసి మధ్యలో కూర్చుని చూస్తే ఎంత ఇరుకో ముందే తెలుస్తుంది. కాస్త ఇరుకైతే నడవ పక్క సీటు మేలు. లేచి తిరగడానికి, కాలు చాపుకోవడానికి వీలుంటుంది. నడవ వైపు చేతిపట్టీ కదలదనుకుంటారు గానీ, చాలా విమానాల్లో దాని కింద వెనకవైపు చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే పట్టీ పైకి లేస్తుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అది ఎంతో సుఖం.

కాళ్లకు చోటెక్కువని అందరూ ముందు గోడ పక్క వరుస కోరుకుంటారు. లావుగా ఉన్నవారికి అది అంత మంచిది కాదు. అక్కడ భోజనం బల్ల చేతిపట్టీలోనే ఉంటుంది కాబట్టి పట్టీ పైకి లేవదు. మామూలు సీట్లో బల్ల పొట్టకు ఆనుతుంటే, పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు ఆ బల్ల మీద భోజనం పెట్టమని అడగవచ్చు. పక్క సీటు ఖాళీగా ఉండేచోట తమకు ఇవ్వమని కౌంటరు దగ్గర అడగడంలో తప్పు లేదు. ఉంటే ఇస్తారు.

మరీ ఇరుకయ్యేవారు రెండో సీటు కొనుక్కోవచ్చు. పట్టీ కిందికి దిగకపోతే రెండో సీటు కొనాల్సిందేననే నిబంధన అమెరికాలో కొన్ని సంస్థలకు ఉంది. అందుచేత టికెట్టు తీసేనాడే ఆ సంస్థ పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోవాలి. గుమ్మం దాకా పోయి తెలుసుకుంటే ఖర్చూ ఎక్కువే, నలుగురిలో నామోషీ.

మరుగుదొడ్డి ఇరుకు మరో బెంగ. రెండు నడవలుండే పెద్ద విమానాల్లో చక్రాల కుర్చీవారి కోసం కాస్త విశాలమైనది ఒకటి ఉంటుంది. అది ఎటు ఉందో అడిగితే చూపుతారు. భోజనాల బండి నడవలోకి రాకముందే వెళ్లి రావడం మంచిది. ఈ భయంతో మంచినీళ్లు మానేస్తున్నవారున్నారు. అది పొరపాటు.

తూకం మాట ఎక్కడిది?

మనుషులను తూచి టికెట్టు ఇస్తారన్న మాట ఊళ్లలో ఊరికే పుట్టలేదు. పసిఫిక్ సముద్రంలోని సమోవా ద్వీపదేశంలో ఒక చిన్న విమాన సంస్థ 2013లో మనిషి బరువును బట్టి చార్జీ తీసుకోవడం మొదలుపెట్టింది. అవి కొద్దిమంది పట్టే బుల్లి విమానాలు. 2023లో న్యూజిలాండ్ విమాన సంస్థ కూడా ప్రయాణికులను తూచింది గానీ, అది సగటు బరువు లెక్క కోసం, ఇష్టమైనవారిని మాత్రమే, అంకె ఎవరికీ కనపడకుండా చేసిన పని. మన శంషాబాద్‌లో అమెరికా వెళ్లేవారిని తూచేది లేదు. వందల టన్నుల బరువుతో గాల్లోకి లేచే విమానానికి మన యాభై కిలోలు ఒక లెక్కలోది కాదు.

లావుగా ఉన్నవారి పక్షాన తీర్పు చెప్పిన దేశం కూడా ఉంది. ఊబకాయం వికలత్వంగా తేలి రెండో సీటు అవసరమైనవారి దగ్గర, దేశం లోపల నడిచే విమానాల్లో దానికి చార్జీ తీసుకోరాదని 2008లో కెనడా రవాణా సంస్థ అక్కడి పెద్ద విమాన సంస్థలను ఆదేశించింది.

కాళ్లు జాగ్రత్త

దుబాయి నుంచి డల్లాస్‌కు సుమారు పదహారు గంటలు. అంతసేపు కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుందని వైద్యులు చెబుతారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. ఆరోగ్యవంతుల్లో ఇది ఆరువేల మందిలో ఒకరికి మించదు. లావుగా ఉన్నవారికి, ఇంతకుముందు గడ్డ కట్టినవారికి ముప్పు ఎక్కువ.

విరుగుడు కష్టమేమీ కాదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. కూర్చున్నచోటే మడమలు, మునివేళ్లు పైకీ కిందికీ ఆడించాలి. మంచినీళ్లు తాగాలి. పిక్కలకు బిగుతుగా ఉండే మేజోళ్లు వైద్యుడిని అడిగి, కొలత ప్రకారం కొనుక్కోవాలి. పాదాలు వాస్తాయి గనక చెప్పులు వదులుగా ఉండాలి. బి.పి., షుగరు మాత్రలు, ఇన్సులిన్ డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. పెట్టెలో వేస్తే పెట్టె ఆలస్యమైనప్పుడు ఇబ్బంది, పైగా విమానం అడుగున చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు ఉన్న జబ్బులు దాచకూడదు. అమెరికాలో ఆసుపత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు.

మోకాళ్ల నొప్పులున్నవారు చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసేనాడే చెప్పాలి. కుర్చీ నెట్టే మనిషి తనిఖీల దగ్గర, విమానం మారేచోట దారి కూడా చూపుతాడు. ఒంటరిగా వెళ్లే ఆడవారికి అదొక కొండంత అండ.

తనిఖీలో చీర కుచ్చిళ్లు, మడతల వల్ల ఆపి చేత్తో తడిమి చూడడం కద్దు. అది లావు వల్లనే అనుకుని కుంగిపోనక్కరలేదు. అమెరికాలో ఆడవారిని ఆడ ఉద్యోగే తనిఖీ చేస్తుంది. చాటుగా చేయమంటే గదిలోకి తీసుకెళ్తారు.

అక్కడ ఎవరూ తేరిపార చూడలేదు

"అక్కడి అంగళ్లలో నాకంటే పెద్ద మనుషులు ఎంతమందో! ఒకళ్లను ఒకళ్లు తేరిపార చూసేది లేదు" అని ఆమె చెప్పారు. అమెరికాలో పెద్దవారిలో ప్రతి పదిమందికి నలుగురు ఊబకాయులేనని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. బట్టలు పెద్ద కొలతల్లో మామూలు అంగళ్లలోనే దొరుకుతాయి. సాయంత్రాలు పిల్లవాడిని బండిలో కూర్చోబెట్టుకుని పార్కులో నడిచేవారట. మొదట్లో వీధి చివరిదాకా, వెనక్కి వచ్చేనాటికి అరగంట నడక.

లావు తగ్గడం ఆరోగ్యానికి మంచిదే. ఎవరూ కాదనరు. అయితే ముందు సన్నబడి తర్వాత వెళ్దాంలే అనుకుంటే పురుడు ఆగదు, పసివాడి పుట్టువెంట్రుకలు ఆగవు. ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి పొద్దున్నే చేలగట్ల మీద నడక అలవాటు చేసుకుంటే విమానాశ్రయంలో ఆయాసం లేకుండా ఉంటుంది.

డల్లాస్ చేరిన మూడో రోజున ఆమె కూతురికి గేదెల సంగతి, బెల్టు సంగతి విప్పి చెప్పేశారు. "ఈ మాట అప్పుడే చెబితే నేను ఇన్నాళ్లు నిన్ను అపార్థం చేసుకునేదాన్ని కాదు గదమ్మా" అని ఆ పిల్ల తల్లిని పట్టుకుని ఏడ్చిందట. తిరుగు ప్రయాణానికి నడవ పక్క సీటు, చక్రాల కుర్చీ, బెల్టు ముక్క అన్నీ కూతురే ముందుగా మాట్లాడి పెట్టింది. దారిలో ఆరు గంటలు నిద్రపోయానని ఆ తల్లి చెప్పారు.

విదేశాల్లో ఉన్న కొడుకులు, కూతుళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. అమ్మ గేదెలని, నాన్న పంట అని సాకు చెబుతుంటే అసలు కారణం ఏమిటో మెల్లగా అడగండి. వారు చెప్పరు. మీరే సీటు, బెల్టు, కుర్చీ సంగతి ఎత్తండి.

ఈ విలేఖరి సెలవు తీసుకుని వస్తుండగా, అదే వీధిలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు గేటు దగ్గర తచ్చాడుతూ కనిపించారు. ఆయనా భారీ మనిషే. కొడుకు సిడ్నీలో ఉన్నాడు. "చెల్లెమ్మా, ఆ బెల్టు ముక్కను ఏమని అడగాలన్నావూ?" అని గొంతు తగ్గించి అడిగారు. ఆమె మాత్రం గొంతు తగ్గించకుండా, వీధంతా వినబడేట్టు నాలుగు మాటలూ చెప్పారు. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నారు.