రేడియేషన్ చికిత్సకు బీమా నిరాకరణ: రోగులకు ఉన్న మార్గాలు

క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్సను సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు అందిస్తారు. మధ్యలో విరామం వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరిగే ప్రమాదం ఉంది. అందువల్ల బీమా సంస్థ అనుమతి నిరాకరిస్తే, రోగి ముందుగా కోల్పోయేది విలువైన సమయాన్ని.

జంషెడ్‌పూర్‌లోని మెహర్‌బాయి టాటా స్మారక ఆసుపత్రి వంటి క్యాన్సర్ కేంద్రాలలో చాలామంది రోజూ ఇంటి నుంచి వచ్చి ఈ చికిత్స పొందుతారు. 24 గంటలు ఆసుపత్రిలో లేరన్న కారణంతో క్లెయిమును తిరస్కరిస్తే, పాలసీలోని డే కేర్ చికిత్సల నిబంధనను పరిశీలించాలి. ప్రయోగదశలోని చికిత్సలకు పాలసీలు సాధారణంగా వర్తించవు. క్లినికల్ ట్రయల్‌లో చేరేవారు ఏ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

తిరస్కరణకు కారణాన్ని లిఖితపూర్వకంగా కోరి, తొలుత బీమా సంస్థకే ఫిర్యాదు చేయాలి. నెలలోగా పరిష్కారం లభించకుంటే, ఝార్ఖండ్ వాసులు పట్నాలోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. ఈలోగా చికిత్స ఆగకూడదు. 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత గల కుటుంబాలకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతుంది. ఆ అర్హత తమకుందేమో ఆసుపత్రిలోని ఆయుష్మాన్ మిత్ర వద్ద వెంటనే విచారించుకోవాలి.