ఇరవై పౌండ్ల గుర్రం

కాలవ గట్టున పబ్, పక్కన మా గుడారం, ఎదుటి కొండ మీద పరారైన కాంట్రాక్టరు కథ

“గ్రహాంతరవాసుల పబ్ ఒకటుందట. పక్కనే గుడారాలు వేసుకోవచ్చట. మీరెలాగూ లండన్‌లోనే ఉన్నారుగా, శని, ఆదివారాలు ఉండి రండి. మంగళవారానికి కాపీ కావాలి” అన్నారు ఎడిటర్‌గారు.

ఆ పబ్ పేరు ‘ద బార్జ్ ఇన్’. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, హనీస్ట్రీట్ అనే బుల్లి పల్లెలో ఉంది. వాకిట్లోనే కెనెట్ అండ్ ఏవన్ కాలవ. లోపలి గదిలో తల పైకెత్తితే కప్పు నిండా బొమ్మలే: స్టోన్‌హెంజ్ రాళ్ళు, పంటచేలలో క్రాప్ సర్కిల్స్. వేసవి వస్తే ఈ చుట్టుపక్కల చేలలో రాత్రికి రాత్రి వలయాలు పుట్టుకొస్తాయి. 2001 ఆగస్టులో మిల్క్ హిల్ మీద కనబడ్డ దాంట్లో 409 వలయాలున్నాయి. వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు ఈ పబ్బే అడ్డా.

ఇవి గ్రహాంతరవాసుల పనేనంటారు కొందరు. నాకీ గోల మీద బొత్తిగా నమ్మకం లేదు. డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు పెద్దమనుషులు చెక్కపలక, తాడు పట్టుకుని ఏళ్ళ తరబడి ఇవి వేసింది తామేనని 1991లోనే చెప్పేశారు. వేసి చూపించారు కూడా. అయినా నమ్మేవాళ్ళు నమ్ముతూనే ఉన్నారు, మా ఎడిటర్‌గారితో సహా.

రెడింగ్ నుంచి మా పిన్ని కొడుకు కారేసుకుని తోడొచ్చాడు. గుడారం మేకులు కొట్టి, పబ్‌లోకెళ్ళి కుర్చీలో చతికిలబడ్డాను. “అన్నయ్యా, ఇక్కడ ఎవరూ వచ్చి అడగరు. బార్ దగ్గరికెళ్ళి మనమే చెప్పుకోవాలి” అని లేపాడు. చేతిపంపుతో లాగి పోసే ఏల్ మన బీరులా పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండదు. గ్లాసు పట్టుకుని బయటికొస్తే ఉత్తరాన కొండవాలు మీద తెల్లటి గుర్రం.

అంతే, గ్రహాంతరవాసులు అక్కడితో సరి.

ఆ గుర్రం వయసు రెండు వందల ఏళ్ళ పైమాటే. 1812లో ఆల్టన్ బార్న్స్ రైతు రాబర్ట్ పైల్ దాన్ని చెక్కించాడు. ఈ కొండల్లో గడ్డి కింద ఉండేదంతా సుద్దే. గడ్డి ఒలిచి, అడుగు లోతు తవ్వి, తెల్ల సుద్ద నింపితే బొమ్మ తయారు. పైల్ ఈ పనికి మాట్లాడుకున్నది జాన్ థోర్న్ అనే ఊళ్ళు తిరిగే పెయింటర్‌ని. జనం నోట్లో అతని పేరు జాక్ ద పెయింటర్. మొత్తం పనికి ఇరవై పౌండ్లు, అదీ ముందుగానే. అంత డబ్బు కళ్ళజూడాలంటే ఆ రోజుల్లో పొలం కూలీ నెలల తరబడి ఒళ్ళు వంచాలి.

థోర్న్ బొమ్మ గీసిచ్చాడు. పార మాత్రం పట్టలేదు. పక్కనున్న స్టాంటన్ సెయింట్ బెర్నార్డ్ ఊరి నుంచి జాన్ హార్వీ అనే అతన్ని తవ్వకానికి పెట్టాడు. పని సగంలో ఉండగా థోర్న్ డబ్బుతో ఉడాయించాడు. అడ్వాన్స్, సబ్ కాంట్రాక్ట్, పరారీ: అచ్చం మన జిల్లా ఎడిషన్ వార్తే. చివరికి థోర్న్ ఉరికంబం ఎక్కాడని ఇక్కడ చెప్పుకుంటారు.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాం. పైకి వెళ్ళాక గుర్రం మాయమైపోయింది. కాళ్ళ ముందు సుద్దపెళ్ళలు, వాటి అంచున ఒత్తుగా గడ్డి. కాలెక్కడో మెడెక్కడో తెలియలేదు. దాదాపు 160 అడుగుల బొమ్మ, కింద లోయలోంచి చూస్తే తప్ప రూపు కట్టదు. పార పట్టుకున్న హార్వీకి తను తవ్వేది గుర్రమో గాడిదో ఎంతవరకు తెలిసుంటుంది? చేలో వలయం కనబడితే ఎవరు వేశారని ప్రపంచమంతా బుర్ర బద్దలు కొట్టుకుంటుంది. ఇక్కడ తవ్వినవాడి పేరూ ఊరూ తెలిసినా చెప్పుకునేది ఉడాయించినవాడి గురించే. నేనూ థోర్న్‌కే ఎక్కువ చోటిచ్చాను, ఏం చేస్తాం, దొంగ కథలో రుచి ఎక్కువ.

కాలవ సంగతి గబగబా: ఇంజనీరు జాన్ రెనీ. పూర్తయింది 1810లో. రెడింగ్ నుంచి బ్రిస్టల్ దాకా 87 మైళ్ళ జలమార్గం. రైలొచ్చి సరుకు లాగేసుకుంది, 1852లో రైలు కంపెనీయే కాలవను కొనేసింది, ఆపైన పూడికే. మూసేస్తారనేసరికి 1956లో వేలమంది సంతకాలతో మహజరు రాసి, బ్రిస్టల్ నుంచి లండన్‌కు నీళ్ళ మీదే తీసుకెళ్ళారు. వాలంటీర్లు ఏళ్ళ తరబడి బురద తోడారు. 1990లో ఎలిజబెత్ రాణి మళ్ళీ ప్రారంభించారు.

వెళ్ళాలనుకుంటే

దగ్గరి స్టేషన్ ప్యూజీ. లండన్ ప్యాడింగ్టన్ నుంచి రైళ్ళున్నాయి. గుడారానికి చోటుందో లేదో ముందే కనుక్కోండి. వేసవైనా రాత్రి చలి గట్టిదే, గడ్డి మీద పరిచిందల్లా మంచుకు తడుస్తుంది. పబ్ దగ్గర లాకులుండవు, పదిహేను మైళ్ళ దాకా నీళ్ళన్నీ ఒకే మట్టం. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళు డివైజెస్ దగ్గరి కేన్ హిల్‌కి వెళ్ళితీరాలి: రెండు మైళ్ళలో 29 లాకులు, 237 అడుగుల ఎక్కుడు. పడవకు పూట పడుతుంది.

భోంగా డాక్టరు

విల్ట్‌షైర్‌లోనే ఇంకో సుద్దగుర్రం చెర్‌హిల్‌లో ఉంది. 1780లో క్రిస్టఫర్ ఆల్సప్ అనే డాక్టరు దూరంగా నిలబడి, భోంగాలో కేకలు పెడుతూ కూలీల చేత చెక్కించాడంటారు. కన్ను ఎండకు తళతళలాడాలని గాజుసీసాలు బోర్లించి పాతారు. చూడ్డానికొచ్చినవాళ్ళు గుర్తుగా ఒక్కోటీ పీక్కుపోయారు.