మంచి పల్లీలు మార్కెట్టుకు, పుచ్చు పల్లీలు ఇంటికా?

మొన్న పక్కూరికి పోతే, ఇంటర్ అయిపోయి జిమ్ముకు పోతున్న ఒక తమ్ముడు ఆన్‌లైన్ల తెప్పిచ్చుకున్న పీనట్ బటర్ డబ్బా చూపెట్టిండు. "అన్నా, దీంట్ల ప్రోటీన్ మస్తుంటది" అన్నడు. అబద్ధం గాదు. 100 గ్రాముల పల్లీలల్ల 25 గ్రాముల దాంక మాంసకృత్తులు ఉంటయి. గానీ ఆ డబ్బా పెట్టిన గూటి కిందనే, వాళ్ల నాయిన పండిచ్చిన పల్లికాయ బస్తాలు నాలుగున్నయి. రేపు మార్కెట్టుకు పోయేటియి.

ఇద్దరం కూసోని లెక్క జేసినం. కిలో కాయ ఒలిస్తే గింజ సుమారు 700 గ్రాములు ఎల్తది. ఏంచి, పొట్టు తీస్తే ఇంకింత తరుగు. కిలో ముద్ద కావాలంటే కాయ కిలోన్నర మీద కొంచెం పడ్తది. 2024-25ల సర్కారు చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. గా లెక్కన కాయ ఖర్చు 110 రూపాయల లోపే. మద్దతు ధర మన చేతికి అందుతదా అంటే, అది వేరే పంచాయితి. డబ్బా రేటు నేను చెప్ప. మీ చేతుల ఫోనుంది, మీరే సూడుండ్రి.

డబ్బా వెనక ఉన్న సన్న అక్షరాలు గూడ సదువుండ్రి. పల్లీలు, ఉప్పు అని మాత్రమే ఉంటే మంచిదే. కొన్నిట్ల చక్కెర, పామాయిలు, గడ్డకట్టిచ్చిన నూనె గూడ ఉంటయి. పల్లి ముద్ద కదలకుండ ఉంటే దాని నూనె పైకి తేలుతది. కొనెటోడు పాడైందేమో అనుకుంటడు. అట్ల తేలకుండ ఉండుటానికే గా గడ్డనూనె. ఇంట్ల చేసుకున్నదాంట్ల నూనె తేలితే చెంచతోని కలుపుకుంటే అయిపాయె.

ఇగ చేసుడు. అరకిలో గింజ తీస్కోని సన్న మంట మీద, చెయ్యి ఆపకుండ కలుపుకుంట పావుగంట దాంక ఏంచాలె. పెద్ద మంట పెడితే పైన మాడుతది, లోపట పచ్చిగనే ఉంటది. వేడి మీద గింజ మెత్తగనే అనిపిస్తది, సల్లారినంక కొరికి చూడాలె, కరకర అనాలె. నలిపి చాటల చెరిగితే పొట్టు ఎగిరిపోతది. తడి లేని మిక్సీ గిన్నెల కొంచెం కొంచెమే వెయ్యాలె. ముందుగాల పొడి అయితది. తర్వాత ముద్ద కట్టి గిన్నె అంచులకు అంటుకుంటది. చానమంది ఇక్కడనే ఓపిక తప్పి ఇన్ని నీళ్లు పోస్తరు. పొయ్యొద్దు! పల్లిల దగ్గర దగ్గర సగం నూనెనే. అంచులకు అంటింది గీకుకుంట, నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపుకుంట పోతే (లేకుంటే మోటరు కాలుతది, అమ్మ తిడుతది) లోపలి నూనె బయటికొచ్చి ముద్ద తనంతట తనే జారుడు మొదలువెడ్తది. అర చెంచ ఉప్పు చాలు. బెల్లం వేస్తే పొడి బెల్లమే వెయ్యాలె, అది పడ్డంక ముద్ద గట్టి పడ్తది, భయపడొద్దు.

నీళ్లు పోస్తే అది చట్నీ అయితది, రెండో రోజుకే చెడిపోతది. రాయలసీమోళ్లు చేసే ఊరిబిండి గట్లాంటిదే, దాని రుచి దానిది, చేసిన నాడే తినాలె. ముద్దకు నీళ్లు లేకపోవుడే బలం. 1996ల ఆండ్రె బ్రియాన్ అనే ఫ్రాన్సు డాక్టరు, ఇంకొకాయనతోని కలిసి, పల్లి ముద్దల పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ప్లంపీనట్ అనే ప్యాకెట్ తయారు జేసిండు. తిండి లేక బక్కచిక్కిన పిల్లలకు చాన దేశాలల్ల అది ఇస్తున్నరు. నీళ్లు కలిపే పని లేదు, ఫ్రిజ్ అక్కర లేదు. మన మిక్సీల తిరిగేది గూడ అదే సూత్రం. సీసల పెట్టి, తడి చెంచ పెట్టకుంటే నెల రోజులు ఆగుతది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్త. మన ఇండ్లల్ల ఏం జరుగుతదంటే, ఏరిన మంచి కాయ మార్కెట్టుకు పోతది. పగిలినయి, ముడతపడ్డయి, రంగు మారినయి "ఇంటికి పనికొస్తయి తియ్" అని పక్కకు పెడ్తం. చట్నీకి, ముద్దకు అవే. గా పల్లీలల్లనే బూజు విషం ఉండే అవకాశం ఎక్కువ. దాని పేరు అఫ్లటాక్సిన్. 1960ల ఇంగ్లండుల లక్షకు పైన టర్కీ కోళ్లు ఏం రోగమో తెల్వకుండ సచ్చిపోతే, వాటికి పెట్టిన పల్లి చెక్కల ఈ విషం బయటపడ్డది. మనుషులకు ఇది కాలేయాన్ని పాడు జేస్తది, ఏండ్లకేండ్లు తింటే క్యాన్సరు తెస్తది. ఏంచితే పోదు, ఉడకబెడితే పోదు. ముక్కిన చెక్క బర్రెకు పెడితే పాలల్లకు గూడ వస్తది.

ఎక్కడ పుడుతది? ఆఖరు రోజులల్ల వాన లేక చేను ఎండినప్పుడు భూమిలనే కాయకు పడుతది. పీకినంక తడి ఆరక ముందే కుప్ప పెడితే ఇంకింత పెరుగుతది. అందుకే కాయ ఊపితే గలగల అనేదాంక ఎండబెట్టాలె. తేలికగ ఒల్వాలని కాయను నీళ్లతోని తడుపుతరు సూడు, ఆ పని విత్తనానికీ వద్దు, తిండికీ వద్దు. ముద్దకు ముందు గింజ పళ్లెంల పోసి ఒక్కొక్కటి ఏరుండ్రి. నల్లగైనయి, పచ్చబూజు పట్టినయి, ముడుచుకపోయినయి పారేయాలె. నోట్ల చేదనిపిస్తే ఉమ్మేయాలె. బర్రెకు గూడ వెయ్యొద్దు.

నువ్వులకు ఇంత తిప్పల లేదు, మిక్సీ గూడ అక్కర లేదు. బతుకమ్మల ఎనిమిదో నాడు, వెన్నముద్దల బతుకమ్మకు, నువ్వులు బెల్లం దంచి ముద్దలు చేస్తరు. మా అమ్మమ్మ రోట్లనే దంచేది. నువ్వులు చిటపట అనంగనే దించాలె, ఇంకో నిమిషం ఉంచితే చేదైతయి. బెల్లం వేసి దంచితే నూనె ఊరి ముద్ద దానంతల అదే నిలబడ్తది. పాకం పని లేదు. పొట్టుతోటి ఉన్న నువ్వులల్ల కాల్షియం, ఇనుము మస్తుంటయి. అంతా ఒంటికి పట్టది గానీ బిస్కిటు పొట్లం కంటే వెయ్యి రెట్లు నయం. పల్లిపట్టికైతే పాకం ముదరాలె. ఒక చుక్క నీళ్లల్ల వేస్తే గట్టిపడి, ఇరిస్తే టక్కుమనాలె. సాగితే ఇంకా కాలేదన్నట్టు. బెల్లం గూడ చక్కెర జాతే, షుగరున్న పెద్దమనుషులకు చేతినిండ పెట్టకుండ్రి.

ఐదేండ్ల లోపు పిల్లలకు గింజ గింజ ఇయ్యొద్దు, గొంతుల అడ్డం పడ్తది. పాలల్లనో గంజిలనో పల్లి ముద్ద పల్చగ కలిపి పెట్టాలె. మొదటిసారి పెట్టినప్పుడు ఇంతంతనే పెట్టి చూడాలె. దద్దుర్లొస్తే, మూతి వాస్తే, శ్వాస ఆడకుంటే ఆగకుండ దవాఖానకు తీస్కపోవాలె.

ఆ తమ్ముడు ఒక బస్తా ఇంటికే ఉంచుదామని వాళ్ల నాయినను అడిగిండు. నాయిన చానసేపు ఏం మాట్లాడలే. "సగం బస్తా ఉంచు, మందుల దుకాన్ల ఇంకా బాకీ ఉన్నది" అన్నడు.