గ్రంథస్వామ్య చట్టం – పాఠకుల హక్కులు

(ప్రత్యేక వ్యాసం)

గ్రంథకర్త శ్రమకు రక్షణ కల్పించడంతో పాటు, ఆ శ్రమఫలం సమాజానికి అందేలా చూడడం కూడా కాపీరైట్ చట్టం ఆశయం. అనుమతి లేనిదే పుస్తకంలోని ఒక్క పుట కూడా నకలు తీయరాదన్న అపోహ పలువురిలో ఉంది. వాస్తవానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, ఏయే పనులు హక్కుల ఉల్లంఘన కిందికి రావో వివరంగా పేర్కొన్నది. 2012లో పార్లమెంటు ఆమోదించిన సవరణలు ఆ ఏడాది జూన్ 21 నుంచి అమలులోకి వచ్చి, ఈ వెసులుబాట్ల పరిధిని విస్తృతపరచాయి.

సొంత అధ్యయనానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వర్తమాన విషయాల వార్తా నివేదనకు ఒక రచనను న్యాయసమ్మతమైన మేరకు వాడుకోవచ్చు. 2012 సవరణతో ఈ సౌకర్యం చలనచిత్రాలకు, ధ్వనిముద్రణలకు కూడా వర్తించింది. కంప్యూటర్ ప్రోగ్రాములకు మాత్రం ఇది వర్తించదు. ఎన్ని పుటల వరకు అనుమతి అన్న లెక్క చట్టంలో లేదు. వినియోగ ప్రయోజనాన్ని, తీసుకున్న భాగాన్ని, హక్కుదారు అమ్మకాలపై దాని ప్రభావాన్ని బట్టి దీనిని నిర్ణయించవలసి ఉంటుంది.

తరగతి గదిలో

బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని, విద్యార్థి గాని రచనను పునర్ముద్రించుకోవడం, ప్రశ్నపత్రంలో చేర్చడం ఉల్లంఘన కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక జిరాక్సు దుకాణంలో పాఠ్యభాగాల నకళ్లను కలిపి విద్యార్థులకు అందించడంపై మూడు అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం, బోధనకు అవసరమైన మేరకు నకళ్లు తీయడం చట్టసమ్మతమేనని తెలిపి, ఆ నకళ్లు నిజంగా బోధనకు అవసరమా అన్న అంశాన్ని విచారణకు పంపింది. 2017లో ప్రచురణ సంస్థలు దావాను ఉపసంహరించుకున్నాయి. ఖరీదైన గ్రంథాలు కొనలేని పేద విద్యార్థులకు ఈ తీర్పు ఎంతో ఊరట.

అంధ పాఠకులకు వెలుగు

2012కు పూర్వం అంధుల కోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడానికి చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. సవరణతో ఆ లోటు తీరింది. వికలాంగుల కోసం ఎవరైనా, ఏ రచననైనా బ్రెయిలీ, శ్రవణ పుస్తకం వంటి అనువైన రూపంలోకి మార్చి అందించవచ్చు. వారి సంక్షేమానికి కృషి చేసే సంస్థలు లాభాపేక్ష లేకుండా, ఉత్పత్తి వ్యయం మాత్రమే వసూలు చేస్తూ, ప్రతులు సాధారణ విపణిలోకి పోకుండా జాగ్రత్త వహించాలి. 2013లో కుదిరిన మరాకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచంలోనే మొట్టమొదట ధ్రువీకరించిన దేశం భారతదేశం.

గ్రంథాలయాలు, ఉత్సవాలు

దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన అవసరార్థం మూడు ప్రతులకు మించకుండా నకళ్లు తీయించుకోవచ్చు. తన వద్ద ముద్రిత ప్రతి ఉన్న గ్రంథాన్ని పరిరక్షణార్థం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరచవచ్చు. శిథిలమవుతున్న పాత తెలుగు పుస్తకాలకు ఇది సంజీవని వంటిది. మతపరమైన వేడుకలలోనూ, పెళ్లి ఊరేగింపులోనూ, వివాహ సంబంధ ఉత్సవాలలోనూ పాటలు వినిపించడం కూడా ఉల్లంఘన కాదు.

సాహిత్య రచనలపై హక్కు సాధారణంగా రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆపై అది ప్రజల ఆస్తి. 1915లో కన్నుమూసిన గురజాడ అప్పారావు రచనలను నేడు ఎవరైనా ముద్రించుకోవచ్చు.

హద్దులూ ఉన్నవి

మినహాయింపుల పేరిట పూర్తి గ్రంథాలను నకలు తీసి అమ్ముకోవడం నేరమే. తెలిసి ఉల్లంఘించిన వారికి 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలున్నది. రచయిత జీవనాధారాన్ని గౌరవిస్తూనే, చట్టం తమకిచ్చిన హక్కులను నిస్సంకోచంగా వినియోగించుకోవడం పౌరుల కర్తవ్యం. ముఖ్యంగా విద్యాసంస్థలు, గ్రంథాలయాలు 52వ సెక్షన్‌ను క్షుణ్ణంగా తెలుసుకొని, పాఠకులకు తెలియజేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.