డ్రమ్ముకి ఎండ తగిలితే ఏమవుతుంది?

జిరాక్స్ సెంటర్ నడిపే పాఠకుడొకరు ఉత్తరం రాశారు. డ్రమ్ము మార్చడానికొచ్చిన మెకానిక్కు, కొత్తదాన్ని నల్లకాగితంలోంచి తీసీ తీయగానే గబగబా బిగించి మూత వేసేస్తాడట. "ఎండ తగిలితే పోద్దండీ" అంటాడే తప్ప ఎందుకో చెప్పడట. "చూస్తే నీలంరంగు పూసిన అల్యూమినియం గొట్టం. దానికి వెలుతురంటే అంత భయమేంటి?" అన్నది వారి ప్రశ్న.

ప్లాస్టిక్ సోలార్ సెల్స్ మీద రాయమని సంపాదకులు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. రెంటి వెనకా ఉన్న సూత్రం ఒకటే కాబట్టి, ఈ ఉత్తరం దొరికాక ఇక ముందు డ్రమ్మే.

ఆ గొట్టం మీద పూత చీకట్లో విద్యుత్తును పోనివ్వదు, వెలుతురు పడితే పోనిస్తుంది. అడుగున మైక్రాన్ మందం కూడా లేని రంగు పొర. సాధారణంగా థాలోసయనిన్, అంటే నీలం పెయింట్లలో కలిపే రంగుల కుటుంబమే. దాని మీద ఇరవై ముప్ఫై మైక్రాన్ల పాలీకార్బొనేట్, అంటే సీడీలు చేసిన ప్లాస్టిక్కు. ఆవేశాన్ని మోసే అణువుల్ని ఆ ప్లాస్టిక్కులోనే కలుపుతారు. యంత్రం తిరిగేటప్పుడు పైభాగానికి సుమారు 600 వోల్టుల రుణావేశం పట్టిస్తారు. లేజర్ తగిలిన చుక్కల దగ్గర ఆ ఆవేశం పోతుంది, టోనర్ అక్కడే అంటుకుంటుంది. మిగతాదంతా కాగితమూ వేడీ.

నన్ను ఏళ్ళుగా పట్టుకున్నది ఆ ఆవేశం "పోవడం".

ఫోటాన్ వచ్చి రంగు అణువును తాకగానే ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకి లేస్తుంది, అది ఖాళీ చేసిన చోటు హోల్ అవుతుంది. సిలికాన్‌లో అయితే ఆ రెండూ అప్పుడే చెరో దారీ పడతాయి. ఇలాంటి రంగుల్లో, ప్లాస్టిక్కుల్లో అలా జరగదు. రెండూ ఒకదాన్నొకటి వదలవు, జంటగానే తిరుగుతాయి. ఈ జంటను ఎక్సిటాన్ అంటారు. కారణం రోధక స్థిరాంకం. సిలికాన్‌కి అది సుమారు 12, ఇలాంటి పదార్థాలకి 3 లేదా 4. అంటే రెండు ఆవేశాల మధ్య ఆకర్షణకు అడ్డుపడేవాళ్ళు ఇక్కడ తక్కువ. గది వేడిమి ఇచ్చే కుదుపు 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. జంటని విడదీయాలంటే దానికి పదింతలూ పైనే కావాలి. సిలికాన్‌లో ఐదు నానోమీటర్ల దూరం జరిగితే చాలు, విడిపోయినట్టే. ఇక్కడ ఇరవై దాకా జరగాలి.

డ్రమ్ము ఈ పనిని మోటుగా చేస్తుంది. 600 వోల్టుల్ని పాతిక మైక్రాన్ల మీద పరిచి చూడండి, ఇరవై నానోమీటర్లకి దాదాపు అర వోల్టు వస్తుంది. ఆ లాగుడుకి జంట తెగుతుంది. ఎలక్ట్రాన్ అడుగున అల్యూమినియంలోకి దిగిపోతుంది. హోల్ మాత్రం ప్లాస్టిక్కులో అణువు నుంచి అణువుకి, వాగులో రాయి మీంచి రాయి మీదకి గెంతినట్టు గెంతుకుంటూ పైకెక్కి, అక్కడి రుణావేశాన్ని చల్లార్చేస్తుంది.

ఇలాంటి జంటలు విడిపోయే అవకాశమెంతో లెక్కగట్టినవాడు లార్స్ ఆన్‌సాగర్, 1938లో. సరిగ్గా అదే సంవత్సరం అక్టోబరు 22న న్యూయార్క్ ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, గంధకం పూసిన జింకు రేకును రుమాలుతో రుద్ది, ప్రపంచంలో మొదటి జిరాక్స్ కాపీ తీశాడు. తర్వాత ఇరవైకి పైగా కంపెనీలు ఆయన్ని వెనక్కి పంపాయి, ఐబీఎం సహా. అదే ఐబీఎం 1970లో తన మొదటి కాపియర్‌లో అప్పటి యంత్రాల్లోని సెలీనియం బదులు పాలీవినైల్ కార్బజోల్ అనే పాలిమర్ వాడింది. నాకైతే ఇది భలే ముచ్చటగా ఉంటుంది.

పెద్దవాళ్ళూ పొరబడ్డారు. ప్లాస్టిక్కు కరెంటు మోస్తుందని చూపినందుకు 2000లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరు అలన్ హీగర్. పాలిమర్లలో ఈ జంట బంధం బలహీనమేనని ఆయన గట్టిగా వాదించారు. కాదు, చాలా బలమైనదని జర్మనీలోని మార్‌బర్గ్ నుంచి హైన్జ్ బాస్లర్. చివరికి మొగ్గు బాస్లర్ వైపే. విడ్డూరమేమిటంటే, ఆ బంధాన్ని తెంపే ఉపాయం దొరికింది హీగర్ ప్రయోగశాలలోనే. 1992లో ఆయన, సహపరిశోధకుడు సరిచిఫ్చి కలిసి పాలిమర్ పక్కన ఫుల్లరీన్ అనే బంతి లాంటి కార్బన్ అణువును పెట్టి చూపించారు. ఎలక్ట్రాన్ రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కాలంలో ఫుల్లరీన్‌లోకి దూకేస్తుంది, హోల్ పాలిమర్‌లో ఉండిపోతుంది.

ఇక సోలార్ సెల్. దానికి బయటినుంచి 600 వోల్టులిచ్చేవాడు లేడు, అదే మనకివ్వాలి. కాబట్టి ఫుల్లరీన్ లాంటి తోడు కావలసిందే. కానీ ఎక్సిటాన్ పది నానోమీటర్లు తిరిగేసరికి చచ్చిపోతుంది, ఆలోపే ఆ తోడు ఎదురవ్వాలి. కొడక్ కంపెనీలో చింగ్ టాంగ్ 1986లో రెండు పొరలు పేర్చి సుమారు ఒక్క శాతం సామర్థ్యం రాబట్టాడు. పళ్ళెంలో అడుగున అన్నం, పైన పప్పు పోసినట్టు అది. రెండూ కలిసిన గీత దగ్గరే రుచి. 1995లో హీగర్ బృందం పాలిమర్‌నీ ఫుల్లరీన్‌నీ కలిపేసింది. ముద్ద కలిపాక ప్రతి మెతుకు పక్కనా పప్పే. మరీ పిసికితే మాత్రం గుజ్జవుతుంది. విడిపోయిన ఎలక్ట్రాన్‌కి ఎటు చూసినా హోలే ఎదురై, బయటికి దారి ఉండదు. ఈ ముద్ద ఎంతవరకూ కలపాలన్నదే పాతికేళ్ళ పరిశోధన. ఫుల్లరీన్ లేనిదే పని జరగదని చాలాకాలం నమ్మారు. 2019లో చైనా నుంచి వై6 అనే వేరే అణువు వచ్చి 15 శాతం దాటించింది. తర్వాత ప్రయోగశాలల్లో 19 కూడా దాటింది.

మరి ఉపయోగాలు? గోడకి అంటించే సోలార్ కాగితం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని చదివీ చదివీ నాకు విసుగొచ్చింది. గాలీ తేమా తగిలితే ఇవి త్వరగా నీరసిస్తాయి. వేరే వాడకం ఒకటుంది. ఇటలీలో లాంజాని, బెన్ఫెనాటి బృందం పీ3హెచ్‌టీ అనే పాలిమర్ పొరను రెటీనా దెబ్బతిన్న ఎలుకల కంట్లో పెట్టారు. తీగ లేదు, బ్యాటరీ లేదు, వెలుతురుకి ఎలుకల స్పందన కొంత తిరిగొచ్చింది. 2017 నాటి మాట ఇది. దీని మీద మాత్రం నాకు ఆశ ఉంది. కానీ కోట్ల సంఖ్యలో తయారై, రోజూ పనిచేసి, ఎవరి మెప్పూ పొందనిది మాత్రం మన జిరాక్స్ డ్రమ్మే.

ఉత్తరం రాసినవారికి జవాబు బాకీ ఉంది. ఎండలో ఒక్కసారిగా లెక్కలేనన్ని జంటలు పుడతాయి. వాటిలో కొన్ని ఆవేశాలు పొరలో గుంటల్లో చిక్కుకుపోతాయి, కొన్ని అణువులు రసాయనికంగానే చెడతాయి. ఆ తర్వాత చీకట్లో కూడా 600 వోల్టులు నిలవవు. ఆవేశం నిలవని చోట టోనర్ అంటుతుంది కాబట్టి కాగితం మీద నల్లని పట్టీ పడుతుంది. ఒకసారి అలా పడితే డ్రమ్మును వెంటనే పారేయకండి. నల్లగుడ్డ చుట్టి రెండు రోజులు బీరువాలో పెట్టి చూడండి. గుంటల్లో చిక్కినవి మెల్లగా బయటపడతాయి, పట్టీ తేలికపడొచ్చు. అణువులు చెడి ఉంటే మాత్రం కొత్తది కొనాల్సిందే.